బాలబాలికల విజ్ఞానప్రదర్శనములు

ఏటేట విద్యాసంవత్సరము నడిమికి వచ్చునప్పటికి తెలుగునాట పాఠశాలలయందు విజ్ఞానప్రదర్శనముల సందడి బయలుదేరును. మొదట పాఠశాలలో, పిమ్మట మండలములోను జిల్లాలోను, ఎన్నిక పొందినవారికి రాష్ట్రములోను బల్లలు పరచుదురు. రంగుకాగితములు, విద్యుద్దీపములు, థర్మోకోలు పలకలతో గట్టిన యిండ్లు, ప్లాస్టిక్ గొట్టములలో పరుగెత్తు రంగునీళ్లు చూడవచ్చినవారికి కన్నులపండువుగా నుండును. అధికారులు వత్తురు, రిబ్బను కత్తిరింతురు, పిల్లలు ఒప్పజెప్పినట్లు వివరణములు చెప్పుదురు, ఛాయాచిత్రములు పత్రికలకెక్కును. ఈ యుత్సాహమును మేము చిన్నచూపు చూచువారము కాము. మార్కులు తప్ప వేరొక చింత లేని మన విద్యావిధానములో ఒక బాలుడు తన చేతులతో జేసిన వస్తువును నలుగురికి జూపుట మంచిదే. కాని యా వస్తువు నిజముగా వాని చేతులతో జేసినదేనా, అది యే ప్రశ్నకు జవాబుగా పుట్టినది యని విచారించినచో మన సంతోషము కొంత తగ్గక మానదు.

ఆ ప్రదర్శనములలో మాటిమాటికి గనబడు వస్తువులను పాఠకులే జ్ఞాపకము చేసికొనవచ్చును. మట్టితో జేసిన కొండ. దాని బిలములో వంటసోడా. పైనుండి వెనిగరు పోసినంతనే యెఱ్ఱని నురుగు పొంగివచ్చును. దానికి అగ్నిపర్వతమని పేరు. సోడాయు, వెనిగరులోని ఆమ్లమును గలిసి బొగ్గుపులుసు వాయువును విడుచుటచే నా నురుగు పుట్టుచున్నది. భూగర్భమున గరగిన రాతికిని దానికిని ఏ సంబంధమును లేదు. ఆ బాలుడు రసాయనశాస్త్రమును నేర్వకపోగా, భూశాస్త్రమునందు ఒక యసత్యమును నేర్చినవాడగుచున్నాడు. ఆ పిమ్మట ఇంజెక్షను సిరంజిలతో లేచు క్రేను, చెక్కపై బిగించిన చిన్న మోటారు, వాననీటి ఇంకుడుగుంత బొమ్మ. వీనిలో చెడ్డవి లేవు. కాని యివి యెవరో యెప్పుడో కనుగొన్న సంగతులకు జేసిన చిన్నరూపములు. పెద్ద పట్టణములలో వీనిని సిద్ధముగా జేసి అమ్ము అంగళ్లు కూడ వెలసినవి. తండ్రి డబ్బిచ్చి కొనితెచ్చును, తల్లి రాత్రి కూర్చుండి రంగువేయును, అన్న యాంగ్లములో నాలుగు మాటలు వ్రాసియిచ్చును, బిడ్డ వానిని వల్లించును. బహుమతి వచ్చినచో ఎవరికి వచ్చినట్లో చెప్పుట కష్టము.

ఈ పంక్తులు వ్రాయువాడు ఒకానొక ప్రదర్శనమునకు న్యాయనిర్ణేతలలో నొకడుగా పోవుట తటస్థించినది. న్యాయవాది గదా, తీర్పు చెప్పుట తెలిసియుండునని పిలిచిరి కాబోలు. ఎనిమిదవ తరగతి బాలుడొకడు సీసాలో ఇసుక, బొగ్గు, గులకరాళ్లు పొరలుగా బేర్చి, నీటిని శుభ్రపరచు విధమును తడబాటు లేకుండ జెప్పి ముగించెను. “బాబూ, ఈ యిసుక పొర ఇంకను మందముగా నున్నచో నీరు ఇంకను తేటపడునా?” అని యడిగితిమి. బాలుడు క్షణకాలము ఆలోచించి, “అది మా మాస్టారు చెప్పలేదండీ” అనెను. ఆ మాటలో కపటము లేదు. ఇసుకయు, సీసాయు, బురదనీళ్లును వాని యెదుటనే యున్నవి. పది నిమిషములలో తానే చూచి చెప్పవచ్చునన్న సంగతి మాత్రము వానికింతవఱకు ఎవరును జెప్పియుండలేదు. ప్రకృతిని తాను నేరుగా ప్రశ్నింపవచ్చునని తెలియకయే మన పిల్లలు పదియేండ్లు విజ్ఞానశాస్త్రమును చదివి బయటికి వచ్చుచున్నారు. ప్రదర్శనములలో సరిదిద్దుకొనవలసిన లోపము ఇదియే, తక్కినవి యలంకారములు.

ఇందులకు ఉపాధ్యాయులను నిందించుట సులభము, న్యాయము గాదు. ప్రదర్శనమునకు కొలదిదినములు ముందుగా ఉత్తరువు చేరును. ఒక్క శాస్త్రోపాధ్యాయుడు అన్ని తరగతులకు పాఠములు చెప్పుకొనుచు, హాజరుపట్టీలు నింపుచు, పైవారడిగిన లెక్కలు పంపుచు, ఆ మిగిలిన ప్రొద్దులో ప్రాజెక్టులు సిద్ధము చేయింపవలెను. ప్రయోగశాల బీరువాకు తాళము. పగిలిన గాజునాళికకు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చునను భయము. ఇట్టి స్థితిలో నిరుటి బొమ్మకు రంగు మార్చి యీయేడు పంపుట మానవసహజము. తలిదండ్రులును బిడ్డ యోడిపోవునేమోయను ప్రేమచేతనే వాని పనిని తమ చేతిలోనికి దీసికొనుచున్నారు. సాయము చేయుట యన పని చేసిపెట్టుట యని అందఱును భ్రమించుటచే వచ్చిన చిక్కు ఇది.

సర్కారువారి సహాయము లేకపోలేదు. జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు 1993 నుండి నడచుచున్నది. పదియేండ్లు మొదలు పదునేడేండ్లవఱకు వయసుగల పిల్లలు తమ ఊరి సమస్యనొకదానిని దీసికొని, పరిశీలించి, నివేదిక వ్రాయవలెనన్నది దాని పద్ధతి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారి ఇన్‌స్పైర్ - మానక్ పథకముక్రింద ఎన్నికైన యాలోచనకు 10,000 రూపాయలు విద్యార్థి బ్యాంకుఖాతాలోనే వేయుదురు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి ప్రదర్శనములు ఏనాటినుండియో యున్నవి. అమెరికాలో న్యూయార్కు నగరమున 1928లో పిల్లల విజ్ఞానప్రదర్శనము నారంభించిరి. 1950లో ఫిలడెల్ఫియాలో మొదలైన జాతీయ ప్రదర్శనమే పెరిగి నేడు పెక్కు దేశముల పిల్లలు గూడు సంతయైనది. అక్కడి నియమములలో మాకు నచ్చినది ఒకటి గలదు: విద్యార్థి ఏమి చేయదలచినాడో, ఎట్లు చేయదలచినాడో ప్రయోగమునకు పూనుకొనుటకు ముందే వ్రాసి యుంచవలెను. మనయొద్ద డబ్బు, బల్లలు, బహుమతులు సిద్ధముగా నున్నవి. పిల్లవానికి ప్రశ్న దొరకునట్లు చేయువారు కఱవు.

మన రాజ్యాంగములో 51ఎ అధికరణము 1976లో 42వ సవరణచే చేరినది. అందులో శాస్త్రీయదృష్టిని, మానవతను, జిజ్ఞాసను, సంస్కరణాభిలాషను పెంపొందించుట ప్రతి పౌరునికిని విధి యని చెప్పబడినది. ఈ విధిని నెరవేర్పలేదని ఎవరిమీదను దావా వేయుటకు వీలులేదు గనుక మనము దానిని సులభముగా మఱచిపోతిమి. కోర్టు బలవంతపెట్టని బాధ్యతను నెరవేర్చుటయే పెద్దమనుష్యుల లక్షణమని మా తలంపు. ఆ విధి సర్కారుకు మాత్రమే కాదు, పఠనమందిరమున కూర్చుండి యీ పత్రికను జదువుచున్న వారికిని వర్తించును.

ఇక ప్రశ్న దొరకుట యెట్లు? “మాకు ప్రాజెక్టు దొరకుటలేదండీ” అని పిల్లలు వచ్చినప్పుడు పెద్దలు చేయు మొదటి తప్పు వెంటనే యొక ప్రాజెక్టును వారి చేతిలో బెట్టుట. అట్లుగాక అరగంట సేపు వారిని మాటలాడనీయవలెను. ఇంటిలో అమ్మమ్మ చెప్పు మాటలలో నిజమో కాదో తేల్చుకొనవలెనని యెప్పుడైన దోచినదా? పచ్చిమిరపకాయ తొడిమలు వేసిన పాలు పెరుగుగా దోడుకొనునందురు. తొడిమ తీసివేసిన కాయకు ఆ గుణము లేదా? మామిడికాయలను బియ్యపుడబ్బాలో బెట్టిన త్వరగా మాగునందురు. ఎన్ని దినములు త్వరగా? వడ్లపొట్టులో బెట్టిన నట్లే జరుగునా? డాబాపై సున్నము వేసిన క్రింది గదిలో ఎన్ని డిగ్రీలు తగ్గును? ఈ కడపటి ప్రశ్న చిన్నది కాదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పులకై ప్రత్యేకముగా ఒక విధానమునే ప్రకటించినది. తమ వీధిలో సున్నము వేసిన డాబా ఒకటియు, వేయని డాబా ఒకటియు చూచి పదునైదు దినములు మూడుపూటల వేడి కొలిచిన బాలిక ప్రభుత్వమువారికి గూడ పనికివచ్చు సంగతిని చెప్పగలదు.

కాని పిల్లలు తెచ్చు ప్రశ్నలు మొదట ఇంత చక్కగా నుండవు. “కాలుష్యము” అందురు, “భూతాపము” అందురు, “ప్లాస్టిక్” అందురు. ఇవి ప్రశ్నలు గావు, శీర్షికలు. సివిలు దావాలో వివాదాంశములను స్థిరపరచకుండ విచారణకు దిగరు. దిగినచో ఇరుపక్షముల సాక్షులును తమకు దోచినది చెప్పి పోవుదురు గాని తీర్పునకు ఆధారము దొరకదు. శాస్త్రములోను అంతియే. “మా ఊరి చెరువు చెడిపోయినది” అను మాటను “మా చెరువులో బట్టలుదుకు రేవునొద్దను, వాననీరు వచ్చిపడు వాగునొద్దను నీటి తేటదనములో భేదమున్నదా?” అని మార్చుట మార్గదర్శి చేయదగిన సాయము. ఒక పళ్లెమును నల్లగాను తెల్లగాను నాలుగు భాగములుగా రంగువేసి, బరువు గట్టి, తాడుతో నీటిలోనికి దింపి, అది కంటికి కనబడకుండ పోవు లోతును కొలుచుటకు పట్టు ఖర్చు ఏబది రూపాయలు దాటదు. ఒక నెలలో ముగియునా, ఇంటనున్న పనిముట్లతో కొలువవచ్చునా, మనమనుకొన్న దానికి విరుద్ధముగా జవాబు వచ్చుటకు అవకాశమున్నదా యని చూచుకొనిన చాలును. ఈ మూడవది మిక్కిలి ముఖ్యము. జవాబు ముందే తెలిసిన పనికి ప్రయోగమని పేరు పెట్టరాదు.

ఒక్క యుదాహరణమును కొంత విరివిగా జూతము. ఎండకాలమున కుండలో నీరు చల్లబడునని యెల్లరు నెఱుగుదురు. ఎందుచేత ననిన, “రంధ్రములుండును గనుక” అని పిల్లలు పాఠమును ఒప్పజెప్పుదురు. ఈ రంధ్రముల మాట నిజమా? ఒకే కుమ్మరియొద్ద ఒకే పరిమాణముగల రెండు కుండలు తీసికొని, ఒకదానికి వెలుపల నూనెరంగు దట్టముగా పూసి రంధ్రములను మూసివేయవలెను. రెండింటను రెండేసి లీటర్ల నీరు పోసి, మూతలు పెట్టి, ఒకే అరుగుమీద నీడలో నుంచి, గంటగంటకు వేడిని, వంటింటి తక్కెడతో బరువును వ్రాసికొనవలెను. రంగు వేయని కుండ బరువు తగ్గుచుండును, వేడియు తగ్గుచుండును. ఇచ్చటనే ఆగిపోయినను మంచి ప్రాజెక్టే. కాని లెక్క యింకను ముందుకు బోవును. ఒక గ్రాము నీరు మామూలు వేడిలో ఆవిరియగుటకు సుమారు 580 కేలరీలు కావలెను. రెండు లీటర్లలో 20 గ్రాములు ఆవిరియైనచో 11,600 కేలరీలు పోయినవి. 2,000 గ్రాముల నీటికి పంచిన, దాదాపు 5.8 డిగ్రీలు తగ్గవలెను. బాలిక కొలిచి చూచినప్పుడు మూడు, నాలుగు డిగ్రీలకంటె తగ్గకపోవచ్చును. అప్పుడు ఆమె “నా ప్రయోగము తప్పినది” అని యేడ్చునేమో. మార్గదర్శి యక్కడ నుండి, “తక్కిన వేడి యెక్కడినుండి వచ్చి చేరినదమ్మా?” అని యడుగవలెను. బయటి వేడిగాలియు, కుండ గోడయు, అరుగును నీటికి వేడిని తిరిగి యిచ్చుచున్నవను సంగతిని ఆమె తానే కనుగొనును. పుస్తకములో లేని దానిని తెలిసికొంటినను సంతోషము ఆమెకు జీవితాంతము మిగులును.

ఇంతటితో తీరదు. కుండలు రెండును పుట్టుకతోనే భిన్నములై యుండవచ్చును గదా, భేదము రంగువలననే వచ్చినదని యెట్లు తెలియును? రంగు వేయుటకు ముందే రెండింటిని ఒకదినము సరిచూచి యుండవలెను. మఱునాడు తావులు మార్చి యుంచి మరల చూడవలెను. ఇంకొక సంగతి. కాకినాడలో ఉక్కపోయుచున్న దినమున కుండ అంతగా పనిచేయదు. అనంతపురములో పొడిగాలికి చక్కగా పనిచేయును. మేనమామ కొడుకు అనంతపురములో నున్నచో ఇద్దఱును అదే దినములలో అట్టి కుండలతోనే కొలిచి, ఫోనులో లెక్కలు సరిచూచుకొనవచ్చును. థర్మామీటరు కొనకు తడిగుడ్డ చుట్టి గాలిలో వ్రేలాడదీసిన, అది చూపు వేడికి దిగువకు కుండనీరు పోజాలదని కూడ తేలును. ఇదంతయు రెండు కుండలు, రెండు థర్మామీటర్లు, ఒక తక్కెడ.

కుండ వద్దనువారికి నీడ గలదు. విషువద్దినమున, అనగా మార్చి 20, 21 తేదీలప్రాంతమునను సెప్టెంబరు 22, 23 తేదీలప్రాంతమునను, సూర్యుడు భూమధ్యరేఖకు సరిగా పైన నుండును. ఆనాటి మధ్యాహ్నము నిలువుగా బాతిన మీటరు కఱ్ఱ నీడ ఆ యూరి అక్షాంశమును చెప్పును. తిరుపతిలో ఆ నీడ సుమారు 24 సెంటీమీటర్లు, ఆదిలాబాదులో సుమారు 36. ఆ కఱ్ఱను నీడను కాగితముపై కొలతకు గీచి, కోణమానినితో గోణమును దీసికొనిన త్రికోణమితి రాని పిల్లలకును చాలును. ఈ రెండూళ్లును ఇంచుమించుగా ఒకే రేఖాంశముమీద నున్నవి. పటములో సరళరేఖగా కొలిచిన దూరము సుమారు 670 కిలోమీటర్లు. కోణముల భేదము ఆరు డిగ్రీలు, అనగా వృత్తములో అఱువదవవంతు. 670ని 60చే గుణించిన 40,200 కిలోమీటర్లు వచ్చును. భూమి చుట్టుకొలత దాదాపుగా అంతియే. రెండువేల రెండువందల యేండ్లకు పూర్వము ఎరటోస్తనీసు ఈజిప్టులో చేసినదియు ఈ లెక్కయే. తిరుపతి పాఠశాలలోని యొక బాలికయు, ఆదిలాబాదు పాఠశాలలోని యొక బాలుడును గలిసి భూగోళమును కొలిచిరనిన అంతకంటె వన్నెగల ప్రదర్శనము ఏమున్నది? గడియారములో పండ్రెండు కొట్టినప్పుడు గాక నీడ మిక్కిలి పొట్టిగా నున్నప్పుడే కొలువవలెను. మన గడియారపు కాలము కాకినాడ దగ్గఱగా పోవు రేఖాంశమునుబట్టి యేర్పడినది గనుక తక్కిన యూళ్లలో మధ్యాహ్నము కొంత తేడాగా వచ్చును. నీడ కొలతలో ఒక్క సెంటీమీటరు పొరబడిన భూమి చుట్టుకొలత మూడువేల కిలోమీటర్లకు పైగా మారిపోవును. నీడ యంచు మసకగా నుండుటచే అట్టి పొరబాటు వచ్చుట సహజమే. ఆ పొరబాటు ఎంతయుండునో తానే లెక్కగట్టి వ్రాసిన పిల్లవానికి, సరియైన సంఖ్యను పుస్తకమునుండి యెక్కించిన వానికంటె నెక్కువ మార్కులు ఈయవలెను.

మన దేశమునకే ప్రత్యేకములైన ప్రశ్నలును గలవు. నీటిలో ఫ్లోరైడు అధికమై యెముకలను, పండ్లను చెఱచు వ్యాధి భారతదేశములో మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే వైద్యులచే వర్ణింపబడినది. నల్లగొండ పేరు ఆ వ్యాధితోపాటు దేశమంతట వ్యాపించినది. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నాగపూరు శాస్త్రజ్ఞులు ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు పెట్టిరి. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒక మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వఱకు సహింపవచ్చుననియు మన ప్రమాణము. ఇప్పుడు పలు గ్రామములకు నదీజలములు కుళాయిలలో వచ్చుచున్నవి. కాని వంటకును, పప్పు నానవేయుటకును ఏ యిండ్లలో ఇంకను బోరునీరే వాడుచున్నారు? ఎందుచేత? ఈ ప్రశ్నకు జవాబు పెద్ద ప్రయోగశాలలో లేదు. ఇల్లిల్లు దిరిగి మర్యాదగా నడిగి వ్రాసికొను పిల్లలకే దొరకును. అట్లడుగునప్పుడు ఎవరి పండ్లను, కాళ్లను వేలుపెట్టి చూపరాదనియు, ఇష్టపడినవారి జవాబులే వ్రాయవలెననియు, పేర్లు బయటపెట్టరాదనియు ముందుగా నేర్పుట పెద్దల పని.

నోటుపుస్తకమును గూర్చి చెప్పకుండిన మా వృత్తికి ద్రోహము చేసినట్లగును. 1872 నాటి సాక్ష్యచట్టములో 159వ సెక్షను గలదు. సాక్షి తాను సంగతి జరిగిన సమయముననే వ్రాసికొనిన వ్రాతను జూచి జ్ఞాపకము తెచ్చుకొనవచ్చునని దాని సారము. 2024 జులై 1వ తేదినుండి ఆ చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను సూత్రము నిలిచియే యున్నది. అప్పటికప్పుడు వ్రాసిన వ్రాతకున్న బలము తరువాత తీరికగా వ్రాసిన దానికి లేదు. ప్రదర్శనమునకు ముందురాత్రి రంగుపెన్నులతో వ్రాసిన చక్కని పుస్తకము మాకక్కఱలేదు. తేదీ, గంట, కొలత, కొట్టివేతలు, నీళ్లొలికిన మరక, “ఈరోజు జ్వరము, కొలవలేదు” అను మాట గల మురికిపుస్తకము కావలెను. ఆ పుస్తకమును జూచిన రెండు నిమిషములలో పని యెవరు చేసిరో తేలిపోవును. కొట్టివేసిన సంఖ్య చదువుటకు వీలుగా నుండునట్లు ఒకే గీతతో గొట్టివేయుటను, రబ్బరు వాడకుండుటను మొదటిదినముననే నేర్పవలెను.

న్యాయనిర్ణేతలకును మా మనవి యొకటి. “మిరపతొడిమలవలన పాలు తోడుకొనలేదు” అని చూపిన బాలునికి బహుమతి నిచ్చుటకు ధైర్యము కావలెను. పది గిన్నెలతో నాలుగుమారులు చేసి, తోడుకొనలేదని నిజము చెప్పినవాడు, ఒక్కమాఱు చేసి తోడుకొన్నదని కేకలు వేసినవానికంటె శాస్త్రమునకు దగ్గఱివాడు. మనము దీపముల వెలుగునకును, ఆంగ్లపు వడికిని మార్కులిచ్చుచున్నంతకాలము పిల్లలు దీపములనే తెత్తురు. జగదీశచంద్రబోసు కలకత్తాలో తన సూక్ష్మమైన పరికరములను ఊరి తగరపుపనివాని సాయముతో జేయించుకొనెను. బాల్యమున విశాఖపట్టణములో జదివిన చంద్రశేఖర వేంకటరామన్ 1928లో తన పేరిటి కాంతిఫలితమును మొదట కనుగొనునప్పుడు సూర్యకాంతిని, రంగుటద్దములను, తన కంటిని సాధనములుగా వాడెను. ఖరీదైన వస్తువులను జూచి మురిసిపోవు నిర్ణేతలు ఈ సంగతిని జ్ఞాపకమందుంచుకొందురు గాక.

సాయమునకు మేర యెక్కడ? ప్రమాదమున్నచోట పెద్దల చేయి ముందుండవలెను. గోడప్లగ్గులోని 230 వోల్టుల విద్యుత్తు, గాఢమైన ఆమ్లములు, పాదరసము గల పాత థర్మామీటర్లు పిల్లల చేతికి ఈయరాదు. బూజును, సూక్ష్మజీవులను ఇంటియొద్ద పెంచుట తగదు. ప్రయోగశాలలో, తెలిసినవారి సమక్షమున మాత్రమే చేయవలెను. ప్రాణులను బాధించు పని వలదు. ఇక్కడ తప్ప వేరెక్కడను పెద్దలు పనిముట్టును పట్టుకొనరాదని మా యభిప్రాయము. కుండ పగిలినచో పగులనిండు, మఱియొకటి కొనియిండు. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసియుండియు నోరు మూసికొని, “నీకేమి తోచుచున్నది?” యనుట పెద్దలకు, అందును వకీళ్లకు, ఎంత కష్టమో మేమెఱుగుదుము.

భాషనుగూర్చి రెండు మాటలు. తెలుగులో నాలోచించి, తెలుగులో గొలిచి, కడపట ఆంగ్లములో వల్లించుటచేతనే మన పిల్లల వివరణములు ప్రాణము లేనివగుచున్నవి. బాలల సైన్సు కాంగ్రెసులో తమ భాషలో జెప్పుకొనుటకు అవకాశమున్నది. ఇతర ప్రదర్శనములలోను నిర్ణేతలే మొదట తెలుగులో ప్రశ్నించిన చాలును. హైదరాబాదులో 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలివారు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సంపాదకత్వమున, శాస్త్రములను తెలుగులో జెప్పవచ్చునని గ్రంథములు ప్రకటించి నిరూపించిరి. నూటయిరువది యేండ్లు గావచ్చుచున్నను మన బడిపిల్లవాడు “నేను చేసినది యిది” అని తెలుగులో జెప్పుటకు సిగ్గుపడుచున్నాడు. ఆ సిగ్గు వానిది గాదు, మనము నేర్పినది.

పఠనమందిరముల కార్యదర్శులకు మేము చేయు సూచన స్వల్పము. ఆదివారము ఉదయము రెండు గంటలపాటు ఒక బల్లను పిల్లలకు విడువుడు. దానిమీద ఒక తక్కెడ, రెండు మద్యసారపు థర్మామీటర్లు, కొలతసీసాలు, భూతద్దము, టేపు, కోణమానిని యుంచుడు. రెండుమూడు వేల రూపాయలలో వచ్చును. ఎరువు చూపిన పుస్తకములో సంతకము దీసికొని ఇంటికి గూడ ఈయవచ్చును. ఊరిలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు, పశువైద్యుడు, విద్యుచ్ఛాఖ ఇంజనీరు, మందులషాపు యజమాని ఉండనే యున్నారు. నెలకొక ఆదివారము వంతున వచ్చి కూర్చుండుటకు వారిని మనమింతవఱకు ఎన్నడైన నడిగితిమా? బడిమానిన పిల్లలకును ఆ బల్లయొద్ద చోటుండవలెను. ఆడపిల్లలను ప్రొద్దుపోయినవఱకు బడిలో నుంచుటకు తల్లులు జంకుదురు గనుక, ఇంటిలోనే చేయదగిన కుండ, పెరుగు, విత్తనముల ప్రయోగములను వారికి చూపుట మేలు.

రాబోవు విషువద్దినము సెప్టెంబరులోనిదైనచో కఱ్ఱలను ముందుగానే సిద్ధపరచుకొనవలెను. నేలను నీటిమట్టముతో సమము చేసి, తూకపుగుండుతో కఱ్ఱను నిలువు చూచుకొని, పదకొండున్నరనుండి పండ్రెండున్నర వఱకు ఐదేసి నిమిషములకు నీడకొనను గుర్తించవలెను. ఆ దినమున మబ్బు గ్రమ్మినచో ముందు వెనుక రెండేసి దినములలో గొలిచిన కొలతలు పనికివచ్చును. అప్పటికిని వీలుగానిచో మార్చివఱకు ఆగవచ్చును. దూరపు జిల్లాలలోని జతపాఠశాలను వెదకికొనలేనివారు మాకు వ్రాసినచో, అట్లు వ్రాసిన పాఠశాలలను ఒకదానితో నొకటి కలుపుటకు ఈ పత్రిక సిద్ధముగా నున్నది.